పరుపు కింద ఫైబర్ పెట్టాను, రీడింగ్ కదలడం లేదు

గాజువాక:
అందరికీ నమస్కారం. మా నాన్నకి 62 ఏళ్లు. రాత్రి గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి ఆగిపోతారు, కాసేపటికి ఉలిక్కిపడి ఊపిరి లాగుతారు. ఆ టెన్షన్‌తో అమ్మకి నిద్ర లేదు. చేతికి వాచీ పెడితే నిద్రలో పీకేస్తున్నారు. పరుపు కింద ఆప్టికల్ ఫైబర్ పరిస్తే ఊపిరి, గుండె కొట్టుకోవడం, పొర్లడం అన్నీ తెలుస్తాయని చదివాను. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినప్పుడు మిగిలిన ఫైబర్ ఇంట్లో చుట్టగా పడి ఉంది. దాన్ని రెండు దోమల జాలీ ముక్కల మధ్య పరిచి, ఒక చివర ఎల్‌ఈడీ, రెండో చివర వెలుతురుని కొలిచే ఫోటోడయోడ్ పెట్టి, ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపాను. పైన పడుకున్నా, గెంతినా అంకె కదలదు. ఎక్కడ తప్పు?

పెదవాల్తేరు:
తప్పు నీది కాదు బాబూ, ఆ ఫైబర్‌ది. ఇళ్లకి లాగేది చాలావరకు జి.657 రకం. గోడ మూలల్లో, తలుపు సందుల్లో మెలి తిప్పినా వెలుతురు బయటికి పోకూడదనే దాన్ని చేశారు. అందులో ఏ2 రకాన్ని 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచినా పెద్దగా నష్టం రాదు. నీకు కావాల్సింది కారే ఫైబర్. ఛాతీ పొంగినప్పుడు జాలీ గళ్లు ఫైబర్‌ని నొక్కాలి, ఆ చిన్న చిన్న వంపుల దగ్గర కాస్త వెలుతురు జారిపోవాలి, అవతల అంకె తగ్గాలి. చిల్లు లేని కుండలో నీళ్లు ఎప్పుడు తగ్గుతాయా అని చూస్తున్నావు నువ్వు.

నారింజ రంగు తొడుగుతో వచ్చే పాత ఓఎం1 మల్టీమోడ్ (వెలుతురు చాలా దారుల్లో వెళ్లే రకం) ప్యాచ్‌కార్డ్ అడుగు, వెలుతురు నడిచే కోర్ 62.5 మైక్రాన్లు ఉండేది. కొత్త మల్టీమోడ్ రకాల్లోనూ వంపుని తట్టుకునేవి వచ్చేశాయి, చూసి తీసుకో. పై తొడుగు తీసేటప్పుడు కింద నల్ల కాగితం వేసుకో. తెగిన గాజు ముక్క వేల్లో దిగితే కంటికి కనబడదు. నా బొటనవేలికి అనుభవమే.

సీతమ్మధార:
ఇవన్నీ ఎందుకు గురూ, ఎఫ్‌బీజీ (ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్, సాగినప్పుడు తిప్పికొట్టే వెలుతురు తరంగదైర్ఘ్యం మారే ఫైబర్) వాడితే పోదా?

పెదవాల్తేరు:
పోతుంది, జేబు కూడా పోతుంది. ఆ తరంగదైర్ఘ్యం మార్పుని చదివే యంత్రానికే లక్షలవుతాయి. పైగా 1550 నానోమీటర్ల దగ్గర ఒక మైక్రోస్ట్రెయిన్‌కి (పొడవులో పది లక్షల వంతు సాగడం) సుమారు 1.2 పికోమీటర్లు జరిగితే, ఒక డిగ్రీ వేడికి 10 దాకా జరుగుతుంది. మన ఉక్కపోతలో ఒళ్లు వేడి ఏదో, ఊపిరి ఏదో విడదీసుకుంటూ కూర్చోవాలి. ఎంఆర్ఐ గదిలోనైతే దాని విలువే వేరు. లోహం ఉండదు, అయస్కాంతంతో పేచీ లేదు.

గాజువాక (వారం తర్వాత):
ఓఎం1 దొరికింది సార్. పడుకుంటే అల పైకీ కిందకీ భలే కదులుతోంది, నిమిషానికి 16. కానీ ఒక విచిత్రం. మంచం మీద ఎవరూ లేకపోయినా గుండె 120 చూపిస్తోంది. అమ్మ భయపడి మంచానికి దండం పెట్టేసింది.

పెదవాల్తేరు:
సెకనుకి ఎన్నిసార్లు రీడింగ్ తీస్తున్నావు? ట్యూబ్‌లైట్ ఆపి చూశావా?

గాజువాక:
50 పెట్టాను, లెక్కేస్తే 49 పడుతున్నాయి. లైటు ఆపగానే గుండె ఆగిపోయింది! అంటే, మంచానిది.

పెదవాల్తేరు:
కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. నీ 49కి రెట్టింపు 98. మిగిలిన 2 సెకనుకి రెండు చప్పుళ్లుగా, అంటే నిమిషానికి 120గా కనబడ్డాయి. ఫోటోడయోడ్ జాయింటుకి నల్ల టేపు రెండు చుట్లు వెయ్యి.

అసలు గుండె కావాలంటే ఆర్డుయినో ఊనోలోని 10 బిట్ల కొలత చాలదు, చిన్న మార్పులు అందవు. గుండె రక్తాన్ని నెట్టిన ప్రతిసారీ ఒంటికి తగిలే చిన్న ఎదురుదెబ్బే మనం పట్టేది. ఊపిరి అల ముందు అది ఆవగింజ. ఏడీఎస్1115 లాంటి 16 బిట్ల కొలత చిప్ పెట్టు. ముందు నువ్వు పడుకుని పది సెకన్లు ఊపిరి బిగబట్టి చూడు. పెద్ద అల చదునవగానే చిన్న చిన్న ముళ్లు లేస్తాయి, అదే నీ గుండె.

మధురవాడ (నిద్ర పరీక్షల టెక్నీషియన్‌ని):
తమ్ముడూ, నాన్నగారి విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకో. గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే రకంలో ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. నీ పరుపు ఆ కదలిక చూసి 16 అనే అంటుంది. అందుకే మేం ముక్కు దగ్గర గాలి, వేలికి ఆక్సిజన్, ఛాతీకి పట్టీ, మూడూ కలిపి చూస్తాం. పది సెకన్లు, అంతకు మించి గాలి ఆగితేనే ఒకటిగా లెక్క. నువ్వు చెప్పిన గురక, ఉలికిపాటు వింటే పరీక్ష తప్పదనిపిస్తోంది. గ్రాఫ్ బాగుందని ఆలస్యం చెయ్యకు.

గాజువాక:
సోమవారం ఓపీకి తీసుకెళ్తున్నా అక్కా. అమ్మ ఫోన్లో గురక రికార్డు చేసింది, అది కూడా పట్టుకెళ్తా. సార్, ఇంకొక్కటి. నాన్నది బూరుగు దూది పరుపు, మధ్యలో గుంటపడింది. సెన్సర్ ఎక్కడ పెట్టాలి?

పెదవాల్తేరు:
గుంటలో వద్దు, నడుము బరువంతా అక్కడే పడి ఫైబర్ పూర్తిగా నలిగిపోతుంది. భుజాల కింద, ఛాతీకి ఎదురుగా, మంచానికి అడ్డంగా పరుచు. కింద చెక్క పలక వెయ్యి. నవారు మంచమైతే మాత్రం ముందు నవారు బిగించు.