పిల్లల ఫుట్‌బాల్: ఏ రకం కొనాలి, గాలి ఎందుకు నిలవదు?

ఎడమకాలు_11
మా వాడికి పదకొండేళ్లు. ఫ్రెండ్స్‌తో కలిసి రోజూ మట్టి గ్రౌండ్‌లో ఆడతాడు, అక్కడక్కడా గులకరాళ్లు కూడా ఉంటాయి. ఇప్పుడున్న సైజు 5 బంతి వాడికి బరువుగా ఉంది. పైగా గాలి కొట్టిన రెండు మూడు రోజులకే మెత్తబడుతోంది. కొత్తది కొందామంటే మ్యాచ్ బాల్, ట్రెయినింగ్ బాల్, థర్మల్ బాండెడ్ అంటూ బోలెడు పేర్లు. వీటిలో నిజంగా తేడా ఉందా, లేక అట్టపెట్టె మీద రాతలేనా? వాడినవాళ్లు చెప్పండి.

మట్టిగ్రౌండ్
ముందు సైజు మార్చండి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సైజు 4. చుట్టుకొలత 63.5–66 సెం.మీ., బరువు 350–390 గ్రాములు ఉంటుంది. మీ దగ్గరున్న సైజు 5 పెద్దవాళ్ల బంతి: 68–70 సెం.మీ., 410–450 గ్రాములు. ఎలాగూ ఎదుగుతాడు కదా అని ఒక సైజు పెద్దది కొనడం చొక్కాల విషయంలో కుదురుతుంది గానీ ఇక్కడ కుదరదు. బరువు బంతిని పాదం పైభాగంతో కొట్టలేక పిల్లలు బొటనవేలితో పొడవడం మొదలుపెడతారు. ఆ అలవాటు మాన్పించడం తర్వాత కోచ్‌కి పెద్ద తలనొప్పి.

గులకరాళ్లు ఉన్నాయన్నారు కాబట్టి మ్యాచ్ బాల్ జోలికి పోకండి. దాని మెత్తటి పీయూ (పాలీయురిథేన్) ప్లాస్టిక్ పైపొర పచ్చిక మీద హాయిగా ఉంటుంది. రాళ్ల మీద నాలుగు రోజులాడితే గీరుకుపోయి పెచ్చులూడుతుంది. మీకు కావాల్సింది ట్రెయినింగ్ బాల్. పీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ పైపొర అయితే బాగా అరుగుదల తట్టుకుంటుంది.

పాతగోలీ
పీవీసీ దగ్గర నేను ఒప్పుకోను. చలి రోజుల్లో అది బిగుసుకుపోయి రాయిలా తగులుతుంది. పట్టుకునే గోల్‌కీపర్ అరచేతులు మంటెత్తుతాయి, హెడర్ (తలతో కొట్టడం) అంటే పిల్లలు తల పక్కకు తిప్పేస్తారు. టీపీయూ (పీయూలోనే ఒక రకం) దొరికితే అదే తీసుకోండి, మెత్తదనానికీ మన్నికకూ మధ్యలో ఉంటుంది. కొనేటప్పుడు పైపొర ఒక్కటే చూడకండి. దాని కింద పలచటి ఫోమ్, గుడ్డ పొరలు ఉంటాయి. బంతి గుండ్రంగా నిలిచేది ఆ గుడ్డ పొరల వల్లే. చవక బంతుల్లో ముందు కోతపడేది వాటికే. అందుకే కొన్నాళ్లకు అవి ఒకవైపు ఉబ్బుతాయి.

మట్టిగ్రౌండ్
గోలీగారి చేతుల బాధ నాకు తెలియదు లెండి, నేను ఎప్పుడూ ముందు వరసే. టీపీయూ మాటకు సరే.

వాల్వ్‌వైద్యుడు
గాలి సంగతి నేను చెబుతాను. ఎడమకాలు గారూ, మీ బంతి లోపలి బ్లాడర్ (గాలి నిలిచే రబ్బరు సంచి) లేటెక్సా, బ్యూటైలా? చాలా బంతుల మీద గానీ పెట్టె మీద గానీ రాసే ఉంటుంది. లేటెక్స్ అయితే రెండు మూడు రోజులకు మెత్తబడటం జబ్బు కాదు, దాని తత్వమే అంత. ఆ రబ్బరు గుండా గాలి కొద్దికొద్దిగా బయటకు పోతూనే ఉంటుంది. బదులుగా కాలికి మెత్తగా, చురుగ్గా ఉంటుంది. బ్యూటైల్ కాస్త మొద్దుగా అనిపించినా గాలిని వారాల తరబడి పట్టి ఉంచుతుంది. పిల్లలు రోజూ ఆడే బంతికి నా ఓటు బ్యూటైల్‌కే.

అసలు గాలి తగ్గని బంతే లేదు. ఫిఫా పరీక్షల్లో బంతిని 72 గంటలు వదిలేసి ఒత్తిడి ఎంత పడిపోయిందో కొలుస్తారు. అన్నిటికన్నా పైమెట్టు అయిన క్వాలిటీ ప్రో ముద్రకు కూడా 20 శాతం దాకా తగ్గుదల ఒప్పుకుంటారు.

మీది బ్యూటైలే అయివుండి కూడా ఇలా దిగిపోతుంటే వాల్వ్ మీద కాస్త సబ్బు నురగ రాసి చూడండి. అక్కడ బుడగలు వస్తే చాలావరకు బాగుచేసుకోవచ్చు. రెండు చుక్కల గ్లిజరిన్ గానీ సిలికోన్ ఆయిల్ గానీ వేసి, పంపు పిన్నును (గాలి కొట్టే సూదిని) ఒకటి రెండుసార్లు దింపి తీసి, రాత్రంతా వదిలేయండి. ఎండిపోయిన రబ్బరు మళ్లీ మెత్తబడి మూసుకుంటుంది. వాల్వ్ దగ్గర ఏమీ లేకుండా కుట్ల సందుల్లోంచి బుడగలు వస్తే మాత్రం బ్లాడర్‌కే చిల్లు పడింది. చిల్లు పూడ్చే ద్రవాలు దొరుకుతాయి, కానీ ఆ ద్రవం లోపల ఒకచోట గడ్డకడితే బంతి గాల్లో వంకర తిరుగుతుంది. చిల్లు వెతకడానికి కుట్టిన బంతిని బకెట్‌లో ముంచకండి, నీళ్లు గుడ్డ పొరల్లోకి దిగుతాయి.

వాల్వులు సగం చెడేది పొడి పిన్ను వల్లే. దింపే ముందు ఎప్పుడూ తడి చేయండి, నిలువుగా మెల్లగా నొక్కండి. వంగిన పిన్ను పారేయండి.

మిడ్‌ఫీల్డ్_మావయ్య
గ్లిజరిన్ బదులు ఇంట్లో ఉన్న పెట్రోలియం జెల్లీ రాస్తే?

వాల్వ్‌వైద్యుడు
వద్దు మావయ్యగారూ. పెట్రోలియం సరుకు ఏదైనా లేటెక్స్‌ను తినేస్తుంది. వంటనూనె కూడా వద్దు, జిగురుకట్టి దుమ్ము పట్టేస్తుంది.

గేజ్‌పిచ్చోడు
ఎవరూ ఒత్తిడి కొలవడం గురించి మాట్లాడలేదేంటి? బొటనవేలితో నొక్కి "చాలు" అనేవాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. ఒక గేజ్ కొనుక్కోండి, అంతకన్నా పనికొచ్చే వస్తువు లేదు. ఆట నిబంధనల్లో 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల వరకు అనుమతి ఉంది, అంటే గేజ్ మీద కనిపించే పీఎస్ఐ కొలతలో 8.5 నుంచి 15.6. అంతమాత్రాన ప్రతి బంతికీ 15 కొట్టకూడదు. మీ బంతికి ఎంత అన్నది వాల్వ్ పక్కనే అచ్చు వేసి ఉంటుంది, అది దాటితే కుట్లు సాగుతాయి. పిల్లలకైతే అక్కడ రాసినదాంట్లో కింది అంకె దగ్గరే ఆపండి. కాలికి, తలకు దెబ్బ తగ్గుతుంది.

వేడి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 25 డిగ్రీల్లో 11 పీఎస్ఐ కొట్టిన బంతి 45 డిగ్రీలకు చేరితే లోపల దాదాపు 12.7 అవుతుంది. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో 65 డిగ్రీలైతే 14 దాటుతుంది. అతుకులు ఊడేది అలాంటి చోటే. అందుకే డిక్కీలో బంతి వదిలేయకండి. నేను గేజ్ ఒక్కటే కాదు, థర్మామీటర్ కూడా సంచిలో పెట్టుకు తిరుగుతానని మా వాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

హాల్‌ఆట
ఎడమకాలు గారూ, ఒక జాగ్రత్త. ఫుట్‌సాల్ (హాల్లో గట్టి ఫ్లోర్ మీద ఆడే చిన్న ఫుట్‌బాల్) బంతి మీద కూడా "సైజు 4" అనే ఉంటుంది. చూడ్డానికి చిన్నదే, 62–64 సెం.మీ., కానీ బరువు 400–440 గ్రాములు. పైగా ఎగరకుండా చేసినది. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటి దెబ్బకు 50 నుంచి 65 సెం.మీ. లేస్తుంది, అంతే. గట్టి ఫ్లోర్ మీద అది బాగుంటుంది. మట్టిలో ఆడే పదకొండేళ్ల పిల్లాడికి దేనికి? పెట్టె మీద ఫుట్‌సాల్ అని, లో బౌన్స్ అని రాసి ఉందేమో చూసుకోండి.

ఎడమకాలు_11
ఇది చెప్పకపోతే అదే కొనేసేవాణ్ణి, థాంక్సండీ. కుట్టినదా, అతికించినదా అన్నది మిగిలింది. ప్యానెళ్లు ఎన్నుంటే మంచిది?

పాతగోలీ
ప్యానెళ్ల లెక్క మనలాంటి వాళ్లు పట్టించుకోనక్కర్లేదు. 1970 వరల్డ్ కప్ బంతి టెల్‌స్టార్‌కు 32 ముక్కలు: 12 పంచభుజాలు, 20 షడ్భుజాలు. 2010 వరల్డ్ కప్ బంతి జబులానీకి 8, 2014 బంతి బ్రజూకాకు 6. జబులానీ గాల్లో ఎటు ఊగుతుందో తెలియక మా జాతి, అదే గోల్‌కీపర్లు, గగ్గోలు పెట్టారు. బ్రజూకాకు ముక్కలు ఇంకా తక్కువైనా అతుకుల మొత్తం పొడవు ఎక్కువ కాబట్టి అది చాలా కుదురుగా ఎగిరింది. కాబట్టి అంకె చూసి మోసపోవద్దు. వేడితో అతికించిన (అదే థర్మల్ బాండెడ్) బంతి వానలో నీళ్లు తక్కువ పీలుస్తుంది, కానీ ఒకసారి అంచు లేస్తే మళ్లీ కూర్చోదు. కుట్టినదైతే తెగిన చోట కుట్టించుకోవచ్చు. మీ గ్రౌండ్‌కి కుట్టినదే మేలు.

కొనేచోటే బంతిని గిర్రున తిప్పుతూ పైకి వేసి చూడండి. వణుకుతూ తిరిగితే పక్కన పెట్టేయండి.

మట్టిగ్రౌండ్
శుభ్రం చేయడం కూడా చెప్పేస్తాను. ఆట అవగానే తడిగుడ్డతో తుడవాలి. మట్టి మొండిగా ఉంటే కొంచెం తేలికపాటి సబ్బు. వాషింగ్ మెషిన్ వద్దు, గట్టి బ్రష్ వద్దు, ఆరబెట్టడం నీడలోనే. నెలలపాటు ఆడరంటే కొంచెం గాలి తీసి పెట్టండి. పూర్తిగా తీసేస్తే ముడతలు పడతాయి. ఇంకోటి, పిల్లలు బంతిమీద కూర్చోకుండా చూడండి. మావాళ్లకైతే ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

మిడ్‌ఫీల్డ్_మావయ్య
పనిలో పని, మా బంతి వాల్వ్‌లో పిన్ను విరిగింది. కొస కొంచెం బయటికి కనబడుతోంది.

వాల్వ్‌వైద్యుడు
కనబడుతోందంటే అదృష్టమే. వేలితో నొక్కకండి, సన్నమూతి పటకారుతో పట్టుకుని నిటారుగా లాగండి. ఇప్పటికే లోపలికి జారిపోయి ఆడిస్తే గలగల వినిపిస్తుంటే దానితో ఆడటం మానేయాలి. ఆ ముక్క బ్లాడర్‌ను పొడిచేస్తుంది.