ఇంగ్లీషు ఈమెయిళ్లలో ఆశ్చర్యార్థకాన్ని పూర్తిగా మానుకోవాలా?

చర్చ ప్రారంభించినవారు:
నిన్న ఇంగ్లీషులో నేను రాసిన ఒక ఈమెయిల్‌లో ఆరు ఆశ్చర్యార్థకాలు ఉన్నాయని, వాటిలో ఒక్కటీ అక్కరలేదని మా పై అధికారి అన్నారు. అన్నీ తీసివేసి చదువుకుంటే ఉత్తరం ముభావంగా తోచింది. ఉద్యోగ వ్యవహారాల్లో ఈ గుర్తు అసలు వాడకూడదా?

మొదటి సభ్యులు:
వాడకపోవడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. ‘వాట్ ఎ రిలీఫ్’, ‘హౌ స్ట్రేంజ్’ వంటి మాటల్లో ఆశ్చర్యం నిర్మాణంలోనే ఉంది కనుక అక్కడ ఆ గుర్తుకు అర్థముంది. 2016లో ఇంగ్లండులో ఏడేళ్ల పిల్లల రాతను అంచనా వేయడానికి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ‘వాట్’తోనో ‘హౌ’తోనో మొదలయ్యే వాక్యాలనే ఆశ్చర్యార్థక వాక్యాలుగా లెక్కించాయి. ‘రిపోర్ట్ సిద్ధం’ అనే సమాచారానికి దాన్ని తగిలిస్తే చదివేవారికి కొత్తగా తెలిసేదేమీ లేదు. పాత టైపురైటర్లలో చాలావాటికి ఈ గుర్తుకు వేరే మీట ఉండేది కాదు; అపాస్ట్రఫీ కొట్టి, ఒక గడి వెనక్కి జరిపి, దాని కింద ఫుల్‌స్టాప్ కొట్టవలసి వచ్చేది. అంత శ్రమ పడవలసి వస్తే మీ ఆరింటిలో ఎన్ని మిగిలేవో ఆలోచించండి.

రెండవ సభ్యులు:
ఆ మార్గదర్శకం పిల్లలకు మార్కులు వేయడానికి గీసిన గీతే గాని భాషకు హద్దు కాదు. ‘స్టాప్!’ అన్న హెచ్చరిక ‘వాట్’తో మొదలవుతుందా? పైగా ఈమెయిల్‌లో మన గొంతు వినబడదు. ఒంటరిగా నిలిచిన ‘థాంక్స్’ పక్కన చుక్క పెడితే విసుగ్గా అన్నట్టు తోచవచ్చు. అదే చోట ఆశ్చర్యార్థకం ఆ మాటకు కొంత చనువునిస్తుంది. అయితే అది నప్పని చోట చేసే హాని కూడా తక్కువది కాదు. ‘సారీ ఫర్ ది డిలే!’ అని రాస్తే, మన ఆలస్యం వల్ల ఇబ్బందిపడిన మనిషికి మనం దాన్ని తేలికగా తీసుకున్నామనిపిస్తుంది. సంతాపంలోనూ ఫిర్యాదుకిచ్చే జవాబులోనూ అది మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంకొక మాట: తెలుగులో ‘అయ్యా!’ అని సంబోధన పక్కన దాన్ని పెట్టడం మనకు అలవాటు గనుక ‘డియర్ సర్’ పక్కన కూడా పెట్టేస్తుంటాం. ఇంగ్లీషులో అక్కడ కామా చాలు.

చర్చ ప్రారంభించినవారు:
నా ఆరింటిలో రెండు సంబోధనల పక్కనే ఉన్నాయి, ఒకటి క్షమాపణ పక్కన ఉంది, మరో రెండు ఉత్త సమాచారానికి తగిలించినవి. ఇవన్నీ తీసేశాను. సహోద్యోగికి చెప్పిన ‘కంగ్రాచ్యులేషన్స్!’ మాత్రం అలాగే ఉంచాను.

మొదటి సభ్యులు:
అభినందనకు నాకూ అభ్యంతరం లేదు. ‘థాంక్స్’ పక్కనున్నదాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను. కృతజ్ఞత దేనికో ఒక్క వాక్యంలో రాస్తే ఆ చనువు దానంతటదే వస్తుంది.