కవాటీనాలో 42వ బార్: లెక్కగా వాయించాలా, స్వేచ్ఛగానా?

ప్రశ్న:
మేము నలుగురం బీథోవెన్ ఓపస్ 130 క్వార్టెట్‌ను (నాలుగు తీగవాద్యాల కృతిని) సాధన చేస్తున్నాము. నాది మొదటి వయొలిన్. ఐదవ భాగమైన కవాటీనాలో 42వ బార్ (స్వరలిపిలో తాళావర్తం లాంటి కొలత) దగ్గర మాకు లయ కలవడం లేదు. అక్కడ మిగతా మూడు వాద్యాలు తిస్ర గతిలో చాలా మెల్లగా నడుస్తుండగా, నా స్వరాలు వాటి దెబ్బల మీద పడకుండా, చిన్న చిన్న విరామాలతో తెగితెగి వస్తాయి. పైన 'బెక్లెమ్ట్', అంటే గుండె బిగుసుకుపోయినట్లు అని రాసి ఉంది. రాసినది రాసినట్లు లెక్కపెడితే అభ్యాస పాఠంలా వినిపిస్తోంది, స్వేచ్ఛ తీసుకుంటే మిగతావారు నా కోసం ఆగుతున్నారు. ఏం చేయాలి?

మొదటి సమాధానం:
వారు ఆగకూడదండీ. కింద నడక చెదరకుండా ఉన్నప్పుడే పైన మీ తడబాటు శ్రోతకు తెలుస్తుంది. ముందు ఆ ముగ్గురినీ మీరు లేకుండా వాయించమనండి, ఆ తర్వాత మీ వైపు చూడకుండా వాయించమనండి. విరామాల దగ్గర కమానును తీగ మీది నుండి ఎత్తకండి. ఎత్తితే ఊపిరి తీసుకున్నట్లుంటుంది, తీగ మీదే ఆపితే ఊపిరి బిగపట్టినట్లుంటుంది. ఇక్కడ కావలసినది రెండవదే.

రెండవ సమాధానం:
నేను రెండవ వయొలిన్ వాయిస్తాను. నా అనుభవంలో ఈ చిక్కు 42వ బార్‌లో పుట్టదు. ఈ భాగాన్ని మొదలుపెట్టేది రెండవ వయొలినే, అదీ గొంతు తగ్గించి, 'సొట్టో వొచే'గా. ఆరంభంలోనే నాదాన్నీ వైబ్రేటోనూ (స్వరాన్ని వణికించే కంపనాన్నీ) నిండుగా ఖర్చు చేస్తే, ఆ చోటికి వచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగలదు. 1826 మార్చి 21న వియన్నాలో జరిగిన తొలి ప్రదర్శనలో రెండవ వయొలిన్ వాయించిన కార్ల్ హోల్జ్, బీథోవెన్ దీనిని కన్నీళ్లతో రాశాడని చెప్పాడు. ఆ మాట విన్నవారికి వాయిస్తూ ఏడవాలనిపిస్తుంది, కానీ స్వరలిపి కోరుతున్నది ఏడుపును ఆపుకోవడాన్ని.

శ్రుతి సంగతి కూడా చూసుకోండి. ఆ చోటి వరకు షడ్జంగా విన్న ఇ ఫ్లాట్ స్వరం, కింద సి ఫ్లాట్ కొత్త షడ్జంగా చేరగానే అంతర గాంధారమవుతుంది. ఆ ఇ ఫ్లాట్‌ను కదపకుండా, దానికి తగినట్లు చెల్లో (మంద్ర స్వరాల వాద్యం) సి ఫ్లాట్‌ను నిలపాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కమానును తీగ మీదే ఆపి చూశాము. ఇన్నాళ్లకు మొదటిసారిగా మిగతా ముగ్గురూ నా కోసం ఆగలేదు. మొదటి రాగం తిరిగి వచ్చే చోట మాత్రం నేనింకా తొందరపడుతున్నాను, రేపు అక్కడి నుండే మొదలుపెడతాము.