తప్పుడు భాగం పంపి, ఆ తప్పును చక్కగా దిద్దిన చిన్న తయారీదారుడిని మెచ్చుకోవచ్చా?

దూరపు బాట

గత నెల జరిగినది చెప్పి మీ అందరి అభిప్రాయం అడుగుతాను.

ముగ్గురు నలుగురు పనివాళ్లతో నడిచే ఒక చిన్న కర్మాగారం నుంచి నా బండికి ముందు బ్రేక్ లివర్ తెప్పించుకున్నాను. వేళ్లకు అందేలా దగ్గరకూ దూరానికీ జరుపుకునే రకం. బిగించిన రోజు అంతా బాగానే ఉంది. మర్నాడు ఇరవై కిలోమీటర్లు వెళ్లేసరికి ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బండి బరువెక్కింది. ఆపి, ముందు చక్రం పైకి లేపి తిప్పితే తిరగలేదు. డిస్క్ దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. అరగంట నీడన నిలబెడితే దానంతట అదే వదిలింది.

ఫోన్ చేస్తే ఎత్తింది ఆ లివర్ చేసిన మనిషే. నేను సగం చెప్పేలోపే "బండి నడపకండి, పాత లివర్ బిగించేయండి" అన్నారు. వివరాలు ఆ తరువాతే అడిగారు. లివర్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ మీద పోతలో వచ్చిన సంఖ్య ఏమిటి, లివర్ పూర్తిగా వదిలినప్పుడు పిస్టన్‌కూ దానికీ మధ్య సందు ఉందా, పిస్టన్‌ను నెట్టే మొన పొడవు వెర్నియర్ కొలసాధనంతో ఎంత వస్తోంది. ఫొటోలు పంపాను. సాయంత్రం ఆయనే తిరిగి ఫోన్ చేశారు. నా బండి మోడల్‌లో ఏడాది మధ్యలో మాస్టర్ సిలిండర్ మారిందట. ఆయన లివర్ పాత సిలిండర్ కొలతకు చేసినది. మొన 0.6 మిల్లీమీటర్లు పొడవెక్కువ.

నాలుగో రోజుకు కొత్త మొన వచ్చింది. పెట్టెలో చేత్తో గీసిన బొమ్మ ఒకటి ఉంది, ఎక్కడ సందు ఉండాలో బాణం గుర్తుతో. ఇంతలో నా మిత్రుడికి కూడా ఆయన నుంచి ఫోన్ వచ్చింది. అతడు అదే లివర్ వాడుతున్నాడు, అప్పటికి ఏ ఇబ్బందీ రాలేదు. అది కొన్న ప్రతి ఒక్కరినీ ఆయన వరసగా పిలిచి బండ్లు ఆపిస్తున్నారని అప్పుడు తెలిసింది.

ఇంత మంచి సేవ నాకు ఏ పెద్ద సంస్థ దగ్గరా దొరకలేదు. తెలిసినవాళ్లందరికీ ఆయన పేరు చెబుతున్నాను. మా అన్నయ్య మాత్రం "నీ ప్రాణం మీదకు తెచ్చిన వస్తువును పొగుడుతున్నావు" అని కోప్పడ్డాడు. మీరేమంటారు?

వెర్నియర్

మీ అన్నయ్య మాటే నా మాట.

ఏం జరిగిందో చదివేవాళ్లకు అర్థం కావాలి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా అడుగున సూది దూరేంత సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. లివర్ వదిలినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే ఆ రంధ్రం తెరుచుకుంటుంది. బ్రేక్ వేసినప్పుడల్లా ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే కాలిపర్ దగ్గర ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఎక్కువైనది ఆ రంధ్రంలోంచే డబ్బాలోకి తిరిగి వెళ్లాలి. మొన పొడవెక్కువై పిస్టన్ అర మిల్లీమీటరు ముందుకు నెట్టుకుని ఉన్నా చాలు, దారి మూసుకుపోతుంది. అప్పుడు ఆ ఒత్తిడి ప్యాడ్లను డిస్క్‌కు నొక్కుతుంది. ఆ రాపిడికి ఇంకా వేడి, ఆ వేడికి ఇంకా ఒత్తిడి. చివరకు ఎవరూ లివర్ ముట్టకుండానే ముందు చక్రం బిగుసుకుపోతుంది. మీకు అది నెమ్మదిగా వెళ్తున్నప్పుడు జరిగింది. వంతెన మలుపులో వేగంగా వెళ్తున్నప్పుడు జరిగి ఉంటే ఈ చర్చ మరొకరు మొదలుపెట్టేవారు.

ఇరవై రెండేళ్లు నాణ్యత తనిఖీ విభాగంలో పనిచేశాను. ఒక భాగాన్ని "ఫలానా మోడల్‌కు సరిపోతుంది" అని అమ్మేముందు ఆ మోడల్‌లో వచ్చిన ప్రతి మాస్టర్ సిలిండర్ మీద బిగించి చూడాలి. అది చేయలేదు. మొదట కొన్నవారే తనిఖీదారులయ్యారు, పణంగా పెట్టింది వాళ్ల ప్రాణాలు. ఆ తరువాత ఆయన చేసింది బాకీ తీర్చడం. బాకీ తీర్చినవాడిని దాత అనం కదా.

పాత బండి

వెర్నియర్ గారూ, మీ కోపం న్యాయమైనదే కానీ దాన్ని చిన్నవాళ్లందరి మీదా కురిపించకండి.

నా బండి తయారీ ఆగిపోయి పదిహేనేళ్లు దాటింది. కార్బ్యురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టం పగిలితే కంపెనీ వాళ్ల సమాధానం ఒక్కటే, ఆ భాగం ఇక రాదు. పగుళ్లలోంచి గాలి లాగి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్ ఐడిల్‌లో నిలబడేది కాదు. రబ్బరు భాగాలు పోసే ఒక చిన్న తయారీదారుడికి రాస్తే, పగిలిందాన్నే పంపమన్నాడు. కొలతలు తీసి, అచ్చు చేసి, మొదటి జత పంపాడు. బిగింపు దగ్గర పెదవి కొంచెం పలుచగా ఉందని చెబితే అచ్చు సరిచేసి రెండో జత పంపాడు. "మొదటిదాన్ని వెనక్కి పంపనక్కరలేదు, కోసి లోపల చూసుకోండి, ఎలా పోశానో తెలుస్తుంది" అన్నాడు. కోసి చూశాను. లోపల బట్ట పొర, దాని మీద రబ్బరు, ఎక్కడా బుడగ లేదు.

ఆ మనిషి లేకపోతే నా బండి ఇవాళ పాత ఇనుము. షాక్ అబ్సార్బర్లు చేసే ఓలిన్స్‌ను 1976లో స్వీడన్‌లో మొదలుపెట్టిన కెంత్ ఓలిన్ మోటోక్రాస్ బండ్లు నడిపినవాడు. సైలెన్సర్లు చేసే అక్రాపోవిచ్ వెనక ఉన్న ఈగోర్ అక్రాపోవిచ్ కూడా రేసులు నడిపినవాడే. ఇవాళ అందరూ గొప్పగా చెప్పుకునే భాగాలు చిన్న షెడ్డులాంటి చోట్లనుంచే వచ్చాయి. కొన్నవాళ్లు ఓపిక పట్టారు, అమ్మినవాళ్లు చెవిన పెట్టారు. అలాగే పెరిగారు.

వెర్నియర్

రబ్బరు గొట్టం పగిలితే ఇంజన్ ఆగుతుంది, బ్రేక్ పట్టేస్తే మనిషి పడతాడు. రెండింటికీ ఒకే ఓపిక చూపలేను.

లేత్ మనిషి

నేను ఇటువంటి భాగాలే చేస్తాను, బ్రేకువి కాదు, ఫుట్‌రెస్ట్ సెట్లూ హ్యాండిల్ బిగింపులూ. కాబట్టి లోపలి సంగతి కొంత చెప్పగలను.

పెద్ద సంస్థ లివర్‌ను అచ్చులో పోస్తుంది లేదా డైలో పెట్టి కొడుతుంది. కొలత మారాలంటే అచ్చు మారాలి, అందుకే మొదటి ముక్క రావడానికి ముందే అన్నీ తేల్చుకుంటారు. మేము అల్యూమినియం దిమ్మనుంచి కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రం మీద కోస్తాం. కొలత మార్చాలంటే ప్రోగ్రాములో అంకె మారిస్తే చాలు, మధ్యాహ్నం తప్పు తెలిస్తే సాయంత్రానికి కొత్త ముక్క. దూరపు బాట గారికి నాలుగు రోజుల్లో మొన చేరిందంటే కారణం అదే. ఆయన మంచితనం ఉండవచ్చు, పని పద్ధతి కూడా ఆయనకు కలిసొచ్చింది.

అయితే ఆ సౌకర్యమే మమ్మల్ని చెడగొడుతుంది కూడా. మార్చడం తేలిక కాబట్టి ముందు పంపేద్దాం, తేడా వస్తే చూద్దాం అనే అలవాటు చాప కింద నీరులా వస్తుంది. నాకూ వచ్చింది. ఒక హ్యాండిల్ బిగింపు 22.2 మిల్లీమీటర్ల గొట్టానికి చేసి, లావు హ్యాండిల్ వాడేవారి కోసం అదే డిజైన్ 28.6కి పెంచాను. గోడ మందం పెంచడం మరిచాను. ఒకరి దగ్గర బోల్టు పక్కన వెంట్రుకంత పగులు కనబడింది. కొత్తది పంపాను, ఆయన నన్ను చాలా మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం గోడకు పెట్టుకోలేకపోయాను. మిగిలిన పదకొండు మందికి నేను అప్పటికింకా చెప్పలేదు. ఆ రాత్రే కూర్చుని అందరికీ రాశాను.

అందుకే కొనేవారికి నేను చెప్పేది ఇది. తయారీదారుడు మీతో ఎంత మర్యాదగా మాట్లాడాడన్నది పక్కన పెట్టండి. మూడు విషయాలు అడగండి: నాకు వచ్చిన తప్పు మిగిలినవాళ్లకు చెప్పారా, డ్రాయింగ్ మార్చారా, ఏ ముక్క పాతదో ఏది కొత్తదో చూసి చెప్పడానికి దాని మీద గుర్తు ఉందా. దూరపు బాట గారి తయారీదారుడు మొదటిది చేశాడు. మిగిలిన రెండూ తెలియాలి.

రాత్రి సవారీ

లేత్ మనిషి గారి మాట నాకు బాగా తగిలింది. నాది దీనికి తిరగబడిన అనుభవం.

ఒక చిన్న తయారీదారుడి దగ్గర రెగ్యులేటర్ రెక్టిఫయర్, అంటే బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపులో ఉంచే భాగం, కొన్నాను. నెల తిరిగేసరికి పోయింది. ఎంతో ఆదరంగా మాట్లాడి మారు పంపాడు. అదీ పోయింది. మళ్లీ క్షమాపణ, మళ్లీ మారు, దానితో ఒక టీషర్టు. మూడోది బిగించి ఇంజన్ నిమిషానికి 5000 తిప్పుల దగ్గర ఉంచి బ్యాటరీ మీద మీటరు పెట్టాను. 14.5 వోల్టుల దగ్గర నిలవాల్సింది 16 దాటింది. బ్యాటరీ పొట్ట అప్పటికే ఉబ్బింది, హెడ్‌లైటు బల్బు రెండు సార్లు పోయింది. మూడు ముక్కలూ ఒకే రకంగా పోయాయని, సర్క్యూటులోనే లోపం ఉన్నట్టుందని చెబితే "మరొకటి పంపనా" అన్నాడు. ఎందుకు పోతోందని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ మూడు నెలలూ నేను అతని సేవ అద్భుతమని అందరికీ చెప్పాను. ఒక మిత్రుడు నా మాట విని కొన్నాడు. రాత్రి పూట, ఊరికి దూరంగా, అతని బండి లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. అతనికి ఏమీ కాలేదు కానీ ఆ తరువాత నా సలహా అడగడం మానేశాడు.

గ్యారేజీ అక్క

పదమూడేళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. ఇందులో ఎవరూ లెక్కలోకి తీసుకోనిది బిగించేవాళ్ల సంగతి. మారు భాగం ఉచితంగా వస్తుంది. దాన్ని విప్పి మళ్లీ బిగించే పని ఎవరిది? కరెంటు పుట్టించే స్టేటర్ మార్చాలంటే ఇంజన్ పక్క మూత విప్పాలి, గ్యాస్కెట్ గీకాలి, ఆయిల్ మళ్లీ పోయాలి. సగం రోజు. "భాగం ఉచితంగా ఇచ్చాం కదా" అని తయారీదారుడు పక్కకు జరుగుతాడు, బండి యజమాని నా వైపు చూస్తాడు.

నేను చూసిన గొప్ప సేవ ఒకటే. చైన్ సెట్లు అమ్మే ఒక చిన్నవాడు ఆర్డరు పెట్టగానే డబ్బు తీసుకోకుండా ముందు ఫోన్ చేసి అడిగాడు: "మీ బండికి 525 వస్తుంది, మీరు 520 అడిగారు. స్ప్రాకెట్లు కూడా మారుస్తున్నారా, చైన్ ఒక్కటేనా?" 525, 520 అన్నవి చైన్ సైజులు. రెండింటి పిచ్, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం, ఒకటే, 15.875 మిల్లీమీటర్లు, తేడా వెడల్పులో ఉంటుంది. 525 స్ప్రాకెట్ పన్ను మందం, 520 చైన్ దాని మీద కూర్చోదు. ఆర్డరు పెట్టిన కుర్రవాడికి అది తెలియదు. ఆ ఫోన్ రాకపోతే చైన్ వచ్చేది, నా దగ్గరకు వచ్చేది, వెనక్కి వెళ్లేది, తిరిగి మరొకటి వచ్చేది. పెట్టె విప్పకముందే పని సరిపోయింది. ఇటువంటివాళ్ల గురించి ఎవరూ పొగుడుతూ రాయరు, ఎందుకంటే చెప్పడానికి ఏ కథా మిగలదు.

పాత బండి

అక్క చెప్పింది ఒప్పుకుంటాను. కానీ దూరపు బాట గారి తయారీదారుడు అందరికీ ఫోన్లు చేశాడే, దానికి విలువ లేదా? చేయకపోయినా అడిగేవాళ్లు లేరు.

వెర్నియర్

అడిగేవాళ్లు ఉన్నారు. అమెరికాలో 1966 నాటి వాహన భద్రతా చట్టం బండ్ల కంపెనీలతో పాటు విడిభాగాలు చేసేవారికీ వర్తిస్తుంది, భద్రతకు సంబంధించిన లోపం తెలిస్తే కొన్నవారికి తెలపాల్సిందే. జర్మనీలో ఆమోదపత్రం లేని బ్రేక్ లివర్‌తో రోడ్డెక్కకూడదు. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం వారి 90వ నియమం బ్రేక్ ప్యాడ్ల పట్టు అసలు ప్యాడ్లకు 15 శాతం అటూ ఇటూ లోపలే ఉండాలంటుంది. ప్యాడ్లకు ఇంత ఉంటే, ఆ ప్యాడ్లను కదిపే లివర్‌ను చాలా చోట్ల ఎవరైనా కోసి అమ్మవచ్చు. నా బాధ అక్కడుంది.

అయినా ఒక్క మాట వెనక్కి తీసుకుంటాను. బాకీ తీర్చడం అన్నాను. మిత్రుడికి ఇబ్బంది రాకముందే ఫోన్ వెళ్లిందన్న వాక్యం మళ్లీ చదివాను. ఇంత నిజాయితీగా తమ తప్పు తామే బయటపెట్టినవాళ్లను నా ఉద్యోగంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మనిషి మంచివాడు. లివర్ మాత్రం నేను కొనను, కనీసం ఆ రెండు ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా.

దూరపు బాట

జవాబు తెచ్చాను. ఈ చర్చ మొత్తం ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది ఇది: డ్రాయింగ్ మార్చారు, ఇప్పుడు ఆ మోడల్‌కు రెండు వేర్వేరు మొనలు ఉన్నాయి, ఆర్డరు పెట్టేవారు మాస్టర్ సిలిండర్ ఫొటో పంపితేనే లివర్ పంపుతారు. గుర్తు గురించి అడిగితే లేదన్నారు. పాత మొన, కొత్త మొన చూడటానికి ఒకేలా ఉన్నాయి. ఎవరైనా పాత లివర్ విప్పి మరొకరికి అమ్మితే కొన్నవాడికి తెలిసే దారి లేదు. "అది నాకు తట్టలేదు, వచ్చే వారం నుంచి లివర్ అడుగున సంఖ్య చెక్కిస్తాను" అన్నారు. వెర్నియర్ గారికి కృతజ్ఞతలు చెప్పమన్నారు.

మా అన్నయ్యకు ఇదంతా చూపించాను. లివర్ ఉంచుకోవడానికి ఒప్పుకున్నాడు, సందు తానే కొలిచాక.

లేత్ మనిషి

ఆ కొలత ఎలా తీయాలో ఇక్కడ కూడా ఉంటే మంచిది. లివర్ కొసను ఒక్క వేలితో మెల్లగా లాగండి. పిస్టన్ తగిలేలోపు కాస్త వదులు కదలిక ఉండాలి. అసలు లేకపోతే మొన పిస్టన్‌ను ముందే నొక్కుతోంది. దూరాన్ని మార్చే చక్రాన్ని ప్రతి గడిలోనూ తిప్పి మళ్లీ చూడండి. ఒక గడిలో బాగుండి మరో గడిలో పట్టేసే లివర్లు ఉంటాయి.

వాన చినుకు

ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. నా లివర్ వేరే తయారీదారుడిది, మూడేళ్లుగా వాడుతున్నాను. పై కొలత ఇప్పుడే చూశాను. ఆరు గడుల్లో నాలుగు బాగున్నాయి. అయిదు, ఆరులో వేలికి కదలిక ఏమీ తెలియడం లేదు. నేను ఎప్పుడూ వాడేది అయిదు. వేసవిలో దూరం వెళ్లినప్పుడు బ్రేక్ గట్టిపడుతుంటే ప్యాడ్లు అరిగాయనుకుని రెండు జతలు మార్చాను.

బండి పక్కన పెట్టాను. రేపు పొద్దున తయారీదారుడికి ఫోన్ చేస్తాను. ఏమంటారో ఇక్కడే రాస్తాను.