రేవు చివితావెక్కియాలో, రోమ్ ఎక్కడో: మూడో రోజు ఏం చేయాలి?

గౌతమీతీరం:
మే నెలలో అమ్మానాన్నలను మధ్యధరా సముద్రంలో ఓడ ప్రయాణానికి తీసుకెళ్తున్నాం. బార్సిలోనాలో ఎక్కుతాం. మర్నాడంతా సముద్రమే. మూడో రోజు ఉదయం 7 గంటలకు ఇటలీ రేవు చివితావెక్కియా, సాయంత్రం 7కి ఓడ కదులుతుంది. నాలుగో రోజు నేపుల్స్. టికెట్ మీద ‘రోమ్’ అని వేశారు గానీ, రేవు నుంచి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. నాన్నకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆయనకు రోమ్ చూపించాలని నా పట్టుదల. రేవు ఊళ్లోనే ఉందామంటోంది మా ఆవిడ. ఎవరిది సబబు?

పాదచారి:
వెళ్లండి. అంత దూరం వచ్చి రోమ్ గుమ్మంలో ఆగిపోతే నాన్నగారు మళ్లీ ఎప్పుడు చూస్తారు? రేవు లోపలి ఉచిత బస్సు గేటు దాకా తెస్తుంది, అక్కడి నుంచి స్టేషన్‌కు ఇంకో బస్సు. ప్రాంతీయ రైలెక్కి రోమా సాన్ పియెత్రో స్టేషన్లో దిగండి. గంటలోపు ప్రయాణం. సెయింట్ పీటర్స్ చర్చి అక్కడికి నడిచేంత దగ్గర. చాలామంది రోమ్ ప్రధాన స్టేషన్ తెర్మినీ దాకా పోయి వెనక్కి వస్తారు, ఆ పొరపాటు చేయకండి. కాగితం టికెట్ అయితే రైలెక్కే ముందే స్టేషన్లోని యంత్రంలో పెట్టి ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా.

మిలాన్ తెలుగు:
పాదచారి గారు రైలు లెక్క చెప్పారు, మోకాళ్ల లెక్క చెప్పలేదు. రోమ్ పాత వీధుల్లో పరిచినవి ఎగుడుదిగుడు నల్లరాళ్లు. చర్చి బయట తనిఖీ వరుస ఎండలోనే ఉంటుంది. ఆదివారమైతే వాటికన్ మ్యూజియంలు తెరవరు, నెలలో చివరి ఆదివారం తప్ప. పైగా ఓడవాళ్ల బస్సులో వెళ్లినవారు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు.

మా నాన్నను నేను ఒకసారి ఇలాగే పరుగెత్తించాను. కొలీజియం ముందు ఒక ఫొటో, వెంటనే స్టేషన్‌కు ఉరుకు. తర్వాత రెండు రోజులు ఆయన గది దాటలేదు. నేపుల్స్ వచ్చింది, పోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

చివితావెక్కియా రేవును కట్టించింది రోమన్ చక్రవర్తి ట్రేజన్. పక్కనే, కాసేపటి రైలు ప్రయాణంలో తర్క్వీనియా అనే ఊరు. రోమ్ సామ్రాజ్యానికి ఎంతో ముందే అక్కడి ఎట్రుస్కన్‌లనే ప్రాచీన జాతివారు సమాధుల గోడల మీద విందులు, నాట్యాలు గీసుకున్నారు. 2004లో యునెస్కో జాబితాలో చేరిన చోటు. నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లండి.

పాదచారి:
ఆ సమాధుల్లోకి నిటారు మెట్లు దిగాలి కదండీ. ఆ మాట ఎందుకు చెప్పరు?

మిలాన్ తెలుగు:
నిజమే, చెప్పవలసింది. అయితే అన్నీ దిగనక్కర్లేదు, రెండు చాలు. మధ్యలో కూర్చోవచ్చు, వెనక తరిమేవాళ్లు ఉండరు.

గౌతమీతీరం:
రాత్రి నాన్ననే అడిగాను. ముందే అడగవలసింది. ఆయన మనసు రోమ్ మీద లేదు, నేపుల్స్ దగ్గరి పాంపేయి మీద ఉంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కప్పేసిన ఊరి గురించి బడిలో విన్నది మొదలు చూడాలని ఉందట. కాబట్టి మూడో రోజు రేవు ఊళ్లోనే నెమ్మదిగా తిరుగుతాం, ఓపికంతా నాలుగో రోజుకు దాస్తాం. కానీ పాంపేయిలోనూ రాళ్ల దారులే కదా?

పాదచారి:
రాళ్లే. కానీ చక్రాల కుర్చీలు కూడా వెళ్లేలా 3 కిలోమీటర్లకు పైగా చదును చేసిన దారి ఒకటి ఉంది. పోర్తా మరీనా ద్వారం దగ్గర ఎత్తు ఎక్కాలి, అటు వద్దు. ఆంఫీథియేటర్ వైపు ద్వారం నుంచి లోపలికి వెళ్లండి.