మారుతి 800 గేర్‌బాక్స్‌ను ఇంటి దగ్గరే మార్చాలనుకుంటున్నాను, మొదటిసారి

ప్రశ్న (తెనాలి నుంచి)

నమస్కారం. మా నాన్నగారు 2006లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆరు నెలలుగా మూడో గేరు వేసేటప్పుడు గరగరమని చప్పుడు వస్తోంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఆ గేరు దానంతట అదే న్యూట్రల్‌లోకి జారిపోతోంది. ఒక షెడ్డులో విప్పి బాగుచేయించాను గాని నెల తిరగకముందే మళ్లీ మొదటికి వచ్చింది. అందుకని విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత గేర్‌బాక్స్ చూసి ఉంచాను. క్లచ్ కేబుల్, బ్రేక్ షూలు నేనే మార్చుకున్న అనుభవం ఉంది. గేర్‌బాక్స్ దించడం మాత్రం ఇదే మొదలు. ఇంటి ముందు సిమెంటు గచ్చు ఉంది, రెండు జాకీలున్నాయి, తమ్ముడు తోడుంటాడు. ఎక్కడ జాగ్రత్తపడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మొదటి జవాబు

డబ్బు కట్టే ముందు ఒక పరీక్ష చేయండి. ఇంజను స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఉంచినప్పుడు గుర్రుమనే చప్పుడు ఉండి, క్లచ్ తొక్కగానే అది ఆగిపోతే, గేర్‌బాక్స్‌లోని ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజను తిప్పే బలాన్ని లోపలికి తెచ్చే కడ్డీ) బేరింగ్ అరిగిందని అనుమానించాలి. అలా కాక క్లచ్ తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే అది రిలీజ్ బేరింగ్‌ది, అంటే పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే బేరింగ్‌ది. దాని కోసం గేర్‌బాక్స్ కొనవలసిన పని లేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి లోపం లోపలి సింక్రోనైజర్ రింగులోనో (గేరు పడే ముందు వేగాలను కలిపే రింగు), గేరు పళ్లలోనో ఉన్నట్టు తోస్తోంది. అయినా గేర్‌బాక్స్‌ను పట్టి ఉంచే మౌంటు రబ్బరు చిరిగినా గేరు జారుతుంది కాబట్టి ముందు దాన్ని చూడండి.

ఈ కారు తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అందువల్ల పాత సామాను జాగ్రత్తగా ఏరుకోవాలి. 800లో నాలుగు గేర్లవి, ఐదు గేర్లవి రెండూ వచ్చాయి. మీ కారుకు సరిపోయేదో కాదో పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ ఒక్కొక్క గేరూ వేసి చూడండి. అడుగున మిగిలిన ఆయిల్‌లో మెరిసే ఇనుప రజను కనిపిస్తే ఆ గేర్‌బాక్స్ వద్దు.

రెండో జవాబు

నేను ఇదే కారుకు రెండుసార్లు ఈ పని చేశాను. మొట్టమొదట చెప్పవలసింది ప్రాణానికి సంబంధించిన మాట: జాకీల మీద నిలిపిన కారు కిందికి వెళ్లకండి. నాలుగు గట్టి స్టాండ్లు అద్దెకు తెచ్చుకోండి. ఇటుకలు ఎన్ని పేర్చినా బరువుకు పగులుతాయి.

బ్యాటరీ నెగటివ్ వైరు తీశాక, ఆయిల్ వదిలే ముందే, ఆయిల్ పోసే బిరడా ఊడి వస్తుందో లేదో చూసుకోండి. అది తుప్పుపట్టి బిగుసుకుపోతే, ఉన్న ఆయిల్ పోయి కొత్తది పోసే దారి లేకుండా చిక్కుకుంటారు. చక్రం నడిబొడ్డున ఉండే పెద్ద యాక్సిల్ నట్లను కారు నేల మీద ఉండగానే వదులు చేయాలి. క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, గేరు రాడ్డు, రివర్స్ లైటు వైరు, సెల్ఫ్ మోటారు తీసేటప్పుడు ప్రతి బోల్టునూ అది వచ్చిన చోటు రాసిన కవరులో వేసుకోండి, ఎందుకంటే బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్‌లో ఇంజనుకు బిగిసే గంట ఆకారపు భాగం) బోల్టుల పొడవులు ఒకే తీరుగా ఉండవు. మౌంటు విప్పే ముందు ఇంజను కింద చెక్క పెట్టి జాకీతో ఆనించాలి, లేకపోతే ఇంజను ఒక పక్కకు వాలుతుంది.

గేర్‌బాక్స్ దిగాక క్లచ్ ప్లేటు, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మార్చేయండి, యాక్సిల్ ఆయిల్ సీళ్లు కూడా. ఇంజను వెనక సీలు చెమ్మగిల్లి ఉంటే దాన్నీ వదలకండి. ఇంత శ్రమపడి విప్పి, ఒక సీలుకు వెనకాడడం నాకు నచ్చదు.

ఎక్కించడమే అసలు పని. ప్రెషర్ ప్లేటు బిగించేటప్పుడు క్లచ్ ప్లేటు సరిగ్గా నడిమధ్యలో ఉండాలి. దానికి అలైన్‌మెంట్ టూల్ ఉంటుంది, పాత ఇన్‌పుట్ షాఫ్ట్ దొరికితే అదీ సరిపోతుంది. ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువును ఒక్క క్షణమైనా దాని ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనివ్వకండి, ప్లేటు వంగుతుంది. ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య సందు మిగిలితే బోల్టులు బిగించి లాగుదామని అనిపిస్తుంది. అలా లాగితే బోల్టులు పట్టే అల్యూమినియం చెవులు విరుగుతాయి. చివరగా, కారు పుస్తకంలో చెప్పిన తరగతి గేర్ ఆయిల్‌నే, కారు సమతలంగా ఉండగా, పోసే రంధ్రం అంచు నుంచి కారే దాకా పోయాలి.

ప్రశ్న అడిగినవారి జవాబు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. మౌంటు బాగానే ఉంది, లోపం లోపలిదే. దించడానికి ఒక పూట పట్టింది, ఎక్కించడానికి రెండు రోజులు. శనివారం సాయంత్రం గేర్‌బాక్స్ దాదాపు కూర్చుంది గాని రెండు వేళ్ల సందు మిగిలింది. తమ్ముడు బోల్టులు బిగిద్దామన్నాడు. నాకు మీరు చెప్పిన మాట గుర్తుకొచ్చి ఆపించి, మళ్లీ కిందికి దించి టార్చి వేసి చూస్తే క్లచ్ ప్లేటు కిందివైపుకు కాస్త జారి ఉంది. ఆదివారం పొద్దున్నే ప్రెషర్ ప్లేటు వదులు చేసి, టూల్ పెట్టి మళ్లీ సరిచేశాము. ఆ తరువాత, తమ్ముడు యాక్సిల్ చివర పట్టుకొని మెల్లగా తిప్పుతుంటే, షాఫ్ట్ పళ్లు కలిసి గేర్‌బాక్స్ చేతి ఒత్తిడికే ఇంజనును ఆనుకుంది.

గుంటూరు వెళ్లి వచ్చాము. మూడో గేరు నిలుస్తోంది. నిన్న కారు కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచాను, సీళ్ల దగ్గర ఒక్క చుక్క కూడా పడలేదు.