విజయనగరం నుంచి మెదక్ చర్చికి: ఒక్క రోజు చాలుతుందా?

గంటస్తంభం:
అందరికీ నమస్కారం. అమ్మ డ్రాయింగ్ టీచరుగా రిటైరైంది. మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీలు చూడాలని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. సంక్రాంతి వెళ్లాక తీసుకెళ్దామనుకుంటున్నాను. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. సికింద్రాబాద్‌లో దిగి అదే రోజు మెదక్ వెళ్లొచ్చేయగలమా? మేం క్రైస్తవులం కాదు, లోపలికి రానిస్తారా? దారిలో పాత చర్చిలు ఇంకేమైనా ఉంటే చెప్పండి.

నాగావళి ఒడ్డు:
రానిస్తారండి, ఎవరైనా వెళ్లొచ్చు. ప్రార్థన జరిగే వేళ మాత్రం అటూ ఇటూ తిరగకూడదు. మనకు విశాఖ ఎక్స్‌ప్రెస్ వీలు. సికింద్రాబాద్‌లోని జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి మెదక్ బస్సులుంటాయి కానీ దాదాపు వంద కిలోమీటర్లు, మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి కారు మాట్లాడుకోండి.

ఆమదాలవలస అబ్బాయి:
అమ్మగారు డ్రాయింగ్ టీచరు అన్నారు కాబట్టి చెబుతున్నాను, హడావుడిగా వెళ్లొచ్చేయకండి. ఆ రాత్రి మెదక్‌లోనే ఉండండి. ఆ కిటికీల అందమంతా ఎండలోనే ఉంది. బయట నిలబడి చూస్తే నల్లటి అద్దాలే. చీకటి పడితే లోపల్నుంచి కూడా ఏమీ కనబడదు. సిలువ కిటికీ తూర్పున ఉంది, దానికి పొద్దుటి ఎండ కావాలి. ఏసు జననం కిటికీ పడమర, సాయంత్రం నాలుగు దాటాక చూడాలి. వేదిక వెనక ఉన్నది ఆరోహణం, అంటే ఏసు స్వర్గానికి వెళ్లే దృశ్యం. మూడూ లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవే. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో పెట్టారు. ముప్పై ఏళ్లలో ఆయన చెయ్యి ఎలా మారిందో నాకంటే అమ్మగారికే బాగా తెలుస్తుంది, చూసొచ్చాక ఇక్కడ రాయించండి.

కట్టడం సంగతికొస్తే, చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ 1914లో పని మొదలుపెట్టించారు. కరువు రోజులు, పనిచేసిన వాళ్లకు తిండి దొరికేది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. గోపురం 173 అడుగులని అందరూ చెబుతారు. మన జిల్లా నుంచి పనుల కోసం వలస వెళ్లేవాళ్లని చూస్తూ పెరిగాను, నాకైతే అక్కడ ఆ రాళ్లు మోసినవాళ్లే గుర్తొస్తారు.

చెప్పులు బయట వదలాలి. చలికాలం పొద్దున్నే నేల జిల్లుమంటుంది, అమ్మగారికి సాక్సులు ఉంచండి. క్రిస్మస్‌కి, గుడ్ ఫ్రైడేకి వద్దు, మన సిరిమానోత్సవం నాటి జనమే.

తిరుగు దారిలో సికింద్రాబాద్‌లో సెయింట్ జాన్స్ (1813), సెయింట్ మేరీస్ (1850) చూడొచ్చు. ఒక్కదానికే టైమ్ ఉంటే సెయింట్ మేరీస్‌కి వెళ్లండి, అదీ మెదక్ చర్చిలాగే గోథిక్ పద్ధతే, అంటే మొనదేలిన ఆర్చీలతో కట్టే పాత యూరప్ పద్ధతి.

భీమిలి బీచ్:
అంత దూరం వెళ్లే ముందు మా భీమిలి రండి, మీకు గంట ప్రయాణం. సెయింట్ పీటర్స్ చర్చి 1864 నాటిది. చిన్నదే గానీ సిలువ దృశ్యం ఉన్న రంగుటద్దం ఇక్కడా ఉంది. తాళం వేసుంటే పక్కన అడగండి.

గంటస్తంభం:
చాలా థ్యాంక్సండి. అమ్మకు చదివి వినిపించాను, రెండు పూటలా చూడాల్సిందేనంది. మెదక్‌లో ఒక రాత్రి ఉంటాం. ముందు ఈ ఆదివారం భీమిలి వెళ్తాం, ఆవిడ ఎంతసేపు నిలబడగలదో కూడా తెలుస్తుంది.